క్రీడాప్రణయ నవలలు - వికలాంగ పాత్రలు

ప్రణయ నవలను కాలక్షేప సాహిత్యమని పక్కకు నెట్టడం మన విమర్శకులకు అలవాటు. లక్షలాదిమంది చదివే సాహిత్యం ఆ మాటతో మాయమైపోదు. అమెరికా, కెనడాల్లో ఐస్‌హాకీ ఆటగాళ్లు నాయకులుగా ఉండే ప్రణయ నవలలు ఇటీవలి కాలంలో విపరీతంగా అమ్ముడవుతున్నాయి. వికలాంగులు, ఆటిజం ఉన్నవారు కూడా వాటిలో నాయికానాయకులవుతున్నారు. ఈ మార్పును విమర్శ పట్టించుకోవాలి.

క్లోయీ లీస్ రాసిన 'ఆల్వేస్ ఓన్లీ యూ' (2020) తీసుకుందాం. నాయిక ఫ్రాంకీకి ఆటిజం ఉంది, రుమటాయిడ్ కీళ్లవాతమూ ఉంది. చేతికర్ర సాయంతో నడుస్తుంది. లాస్ ఏంజెలస్ హాకీ జట్టులో సోషల్ మీడియా పనులు చూసే ఉద్యోగిని. నాయకుడు రెన్ ఆ జట్టు ఆటగాడు. కథ ఇద్దరి నోటా ఉత్తమపురుషలో నడుస్తుంది. ఈ పద్ధతి వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. మనకు అలవాటైన కథల్లో వికలాంగురాలు ఇంకొకరి త్యాగానికి సాధనం. ఆమెను పెళ్లాడినవాడు మహాత్ముడవుతాడు. ఇక్కడ ఆమె తన సంగతి తానే చెప్పుకుంటుంది. ముఖంలో భావం కనిపించకపోతే లోకం పొగరంటుంది. (కళ్లలోకి చూసి జవాబు చెప్పని పిల్లవాణ్ని మన బడుల్లోనూ అదే మాట అంటాం.) జబ్బు పేరు తెలిసిన నాటినుంచి తన వాళ్లలో చాలామందికి తానొక సమస్యగా మారానని ఆమెకు తెలుసు. ప్రేమంటే వెనుకాడేది అందుకే. రచయిత్రికి కూడా ఆటిజం ఉంది; ఆ అనుభవం పాత్రకు ప్రాణం పోసింది. జబ్బు నయమైతే తప్ప సుఖాంతం కాదనే పాత సూత్రాన్ని ఈ నవల తోసిపుచ్చింది. అంతవరకు అభ్యుదయమే.

అయితే ఆ సుఖాంతానికి ఆర్థిక పునాది ఏది? అమెరికాలో పనిచేసే వయసువారిలో ఎక్కువమందికి ఆరోగ్యబీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. దీర్ఘకాలం మందులు వాడవలసిన మనిషికి ఉద్యోగం పోవడమంటే మందు అందకపోవడమే. ఒకే జట్టులో పనిచేసేవారు ప్రేమించుకోరాదన్న నియమం నవలలో ప్రణయానికి అడ్డుగోడగా బాగానే ఉపయోగపడింది. ఆ గోడ కట్టిన యజమాని అధికారం మీదికి మాత్రం కథ బరువు మళ్లలేదు. ప్రియుడు వృత్తి క్రీడాకారుడు, కలిగినవాడు. సమాజం పడ్డ బాకీ ప్రియుడి ఖాతాలోకి పోయింది. ఫ్రాంకీ ఒక గుమాస్తాను ప్రేమించి ఉంటే?

ఇంకొక విషయం ఉంది. ఈ ఆట తానే మనుషుల్ని వికలాంగుల్ని చేస్తుంది. హాకీలో ఎన్‌ఫోర్సర్ అని ఒక పాత్ర ఉంది. ప్రత్యర్థులతో కొట్లాడడం అతని పని. ఆ పనిలో పేరుపడ్డ డెరిక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే చనిపోయాడు. తలకు పదేపదే తగిలే దెబ్బలవల్ల వచ్చే సి.టి.ఇ. అనే జబ్బు అతని మెదడులో బయటపడింది. తల దెబ్బల గురించి దావా వేసిన 300 మందికి పైగా మాజీ ఆటగాళ్లతో 2018లో నేషనల్ హాకీ లీగ్ రాజీకొచ్చింది. సుమారు 1.9 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. బాధ్యత మాత్రం ఒప్పుకోలేదు.

రేచల్ రీడ్ 'టఫ్ గై' (2020) ఈ చీకటి కోణంవైపు చూసిన నవల. ఇద్దరు పురుషుల ప్రేమకథ. నాయకుడు రయన్ ప్రైస్ ఎన్‌ఫోర్సర్. లోపల తీవ్రమైన ఆందోళన వ్యాధితో నలిగిపోతుంటాడు. సరుకులా జట్టు మారి టొరాంటో చేరతాడు. ఫ్రాంకీ వేదనకు ఆట బయట మూలముంది. రయన్ వేదన అతని కూలిలోనే ఉంది. రెంటిలో ఈ నవలే బలమైనదని నా అభిప్రాయం. అతన్ని ప్రేమించిన ఫేబియన్ హాకీ అంటే గిట్టని సంగీతకారుడు. చప్పట్లు కొట్టని మనిషి ఒకడు పక్కనుండబట్టే రయన్ పిడికిలి వెనుక ఉన్న వణుకు పాఠకుడికి కనబడింది.