కాత్యాయనీ విద్మహే పరిశోధన దృష్టి: చేర్పు – పునర్మూల్యాంకనం

1. ఉపోద్ఘాతం

1976లో వరంగల్లులో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన కాత్యాయనీ విద్మహే ‘సాహిత్యాకాశంలో సగం’ గ్రంథానికి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఆమెను స్త్రీవాద విమర్శకురాలిగా పరిచయం చేయడం పరిపాటి. ఆ పరిచయం సత్యమే గాని అసంపూర్ణం. ఆ దృక్పథం ఏ పరిశోధన క్రమంలో రూపొందిందో పరిశీలించినప్పుడే దాని బలం తెలుస్తుంది.

2. పరిశోధన క్రమం

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’పై ఆమె చేసిన అధ్యయనం ప్రధానంగా నవలాశిల్పానికి సంబంధించినది. ‘తెలుగు నవలా కథానికా విమర్శ పరిణామం’లో విమర్శే పరిశోధన వస్తువైంది. విమర్శను చారిత్రకంగా చదివినవారికి ప్రమాణాలు శాశ్వతాలు కావని, వాటికీ కాలం, కర్తలు ఉంటారని బోధపడుతుంది. కనుక ‘సంప్రదాయ సాహిత్యం – స్త్రీవాద దృక్పథం’ ఆ క్రమానికి కొనసాగింపే గాని, హఠాత్తుగా వచ్చిన మలుపు కాదు.

3. ‘సగం’ – అర్థవిస్తృతి

స్త్రీల కవిత్వాన్నీ కథనూ చర్చించిన ‘సాహిత్యాకాశంలో సగం’ శీర్షిక పైకి వాటా కోరినట్లు కనిపిస్తుంది. అయితే వాటా ఒక్కటే చాలదు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో, గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వెలువడ్డాయి. తేదీని మాత్రమే సవరిస్తే సాహిత్య చరిత్రలో ఒక వాక్యం మారుతుంది. ‘ఆధునిక కథ’ లక్షణాలను ఏ రచన ఆధారంగా నిర్ణయించారని ప్రశ్నిస్తే ఆ చరిత్ర నిర్మాణమే చర్చకు వస్తుంది. మొదటిది చేర్పు, రెండవది పునర్మూల్యాంకనం.

4. పరిమితి

మరుగునపడిన రచనలను వెలుగులోకి తెచ్చే విమర్శలో వస్తువివరణకు ప్రాధాన్యం పెరిగి శిల్పచర్చ వెనుకబడే ప్రమాదం ఉంది. అప్పుడు రచయిత్రి అనుభవానికి సాక్షిగా మాత్రమే మిగిలి, కళాకారిణిగా గుర్తింపు పొందదు. విద్మహే తొలి అధ్యయనంలోని శిల్పదృష్టిని స్త్రీల రచనలకూ అంతే నిశితంగా అన్వయించవలసిన పని మిగిలే ఉంది.

5. ముగింపు

‘జీవితం – రచనలు’ అనే చట్రంలో రచయిత్రులపై సిద్ధాంతగ్రంథాలు ఎన్ని వచ్చినా అవి పట్టికను పెంచుతాయే తప్ప ప్రమాణాలను కదిలించలేవు. రచనను పరిశోధించేవారు దానిపై వచ్చిన విమర్శను, ఆ విమర్శ మౌనం వహించిన చోట్లను కూడా పరిశోధించాలి. విద్మహే కృషి నుంచి నేటి పరిశోధకులు గ్రహించవలసిన పద్ధతి ఇదే.