బండి కింద పడుకుని చూస్తే

అట్టపెట్టె ఒకటి చింపి కంకర మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాను. ముఖానికి మూరెడు ఎత్తున వెనక ఇరుసు. దాని నిండా దుమ్ము, గడ్డిపరకలు, ఎండిన మట్టిపెళ్లలు. బండి 2015 నాటి ఫోర్డ్ ఎఫ్-250 సూపర్ డ్యూటీ, పెట్రోలుది. మీటరు మీద 1,12,000 మైళ్లు. డల్లాస్‌కు ఉత్తరాన గంట ప్రయాణంలో, ఎండుగడ్డి చుట్టలు అమ్ముకునే ఒక పెద్దాయన దీన్ని అమ్మకానికి పెట్టాడు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, "ఎంతసేపైనా చూసుకో" అన్నాడు. గంటన్నర చూశాను. కొనాలా వద్దా తేల్చుకోవడానికి అంతసేపు అక్కర్లేదు. చూస్తున్నకొద్దీ ఇంకా చూడాలనిపించింది.

నా అవసరం చిన్నదే. ముగ్గురు మిత్రులం కలిసి కొన్న పొలంలో గోంగూర, దొండ, కొన్ని మేకలు ఉన్నాయి. నెలకు రెండు మూడుసార్లు ట్రాక్టరును ట్రైలరు మీదికెక్కించి అటూ ఇటూ తిప్పాలి. ట్రైలరుతో కలిపి ఎనిమిది వేల పౌండ్ల లోపు. ఇంతటి బరువును ఎఫ్-150 లాంటి మామూలు పికప్పు కూడా లాగుతుంది. కానీ రెండింటి వెనక ఇరుసులూ పక్కపక్కన చూసినవాళ్లకు, ఏది ఏ పనికి పుట్టిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇండియాలో మన జాతీయ రహదారుల మీద తిరిగినవాళ్లు ఈ దృశ్యం చూసే ఉంటారు. లారీ రోడ్డు వారగా ఆగి ఉంటుంది. చుట్టూ రాళ్లు, వెనక ఒక చెట్టుకొమ్మ. చక్రం నడిమధ్యన బోల్టులు విప్పి పొడవాటి యాక్సిల్ రాడ్డును బయటికి లాగుతుంటారు. రాడ్డు పూర్తిగా ఊడి చేతికొచ్చినా చక్రం మాత్రం కదలదు. బరువంతా మోస్తూ అక్కడే నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు అది నాకు గారడీలా ఉండేది. లారీలో చక్రం కూర్చునేది రాడ్డు మీద కాదు, బయటి హౌసింగ్ గొట్టం మీద, రెండు బేరింగుల మధ్య. బరువంతా గొట్టానిదే. లోపలి రాడ్డుకు చక్రాన్ని తిప్పడం తప్ప వేరే పని లేదు. మామూలు పికప్పులో ఆ రెండు పనులూ ఒక్క రాడ్డే చేస్తుంది. బరువు మోస్తూనే తిరుగుతుంది. అది విరిగితే చక్రానికి ఆధారం పోయినట్టే.

ఎఫ్-250 వెనక ఉన్నది లారీ పద్ధతి. లోపలి క్రౌను, అంటే పెద్ద పళ్లచక్రం, వ్యాసం 10.5 అంగుళాలు. హబ్బు ముఖం చక్రం మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చి, చుట్టూ బోల్టులతో లారీ హబ్బుకు తమ్ముడిలా కనిపిస్తుంది. చక్రానికి ఎనిమిది నట్లు. పైన కమాన్ కట్టలు. ఇళ్ల ముందు నిలబెట్టుకునే బండికి ఇంత సరంజామా అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. ఆ అవసరానికి మించి ఉంచిన భాగమే ఈ బండి పనితనం. దాన్ని నేను మిగులు అంటాను. కొత్త బండి కొనేవాడికి మిగులు దానంతటదే వస్తుంది. పాత బండి కొనేవాడు మాత్రం, ముందాయన దాన్ని ఎంత వాడేశాడో, ఎంత ఉంచాడో వెతికి చూసుకోవాలి.

ఇక ఇంజను. ఈ తరగతి బండ్లలో డీజిలుకు ఉన్న మర్యాద పెట్రోలుకు లేదు. 2015లో ఇదే బండికి పెట్టే 6.7 లీటర్ల డీజిలు ఇంజను 440 హార్స్‌పవర్, 860 పౌండ్-అడుగుల టార్క్ ఇచ్చేది. దాని పక్కన పెట్టి చూస్తే ఈ 6.2 లీటర్ల పెట్రోలు ఇంజను 385 హార్స్‌పవర్, 405 పౌండ్-అడుగులు. టార్క్ సగం కూడా లేదు. కానీ డీజిలు కావాలంటే కొత్తలో ఎనిమిది వేల డాలర్లకు పైనే అదనం. దానితోపాటు మసి పట్టే ఫిల్టరు, యూరియా ద్రావణం ట్యాంకు, టర్బో, అతి పీడనంతో పనిచేసే ఇంధన పంపు వస్తాయి. కొత్తలో అవన్నీ సుఖమే. పదేళ్ల తర్వాత ఒక్కొక్కటీ ఒక్కో బిల్లు. ఆయిలు మార్పించాలన్నా డీజిలుకు 13 క్వార్టులు, పెట్రోలుకు 7. రోజూ కొండదారుల్లో పదిహేను వేల పౌండ్లు లాగేవాళ్లు డీజిలే కొనాలి, అందులో నాకు రెండో మాట లేదు. నెలకు మూడుసార్లు లాగేవాడికి ఆ బిల్లులెందుకు?

డీజిలు కన్నా తక్కువది కాబట్టి పెట్రోలు కొనుక్కోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ ఇంజను దానంతటది మెచ్చుకోదగ్గ వస్తువు. బ్లాకు పోత ఇనుముది, హెడ్లు అల్యూమినియంవి. సిలిండరు అడ్డం 102 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే ఎత్తు 95. అంటే లోతు కన్నా వెడల్పు ఎక్కువ, మూకుడు వాటం. వెడల్పాటి సిలిండరులో పెద్ద వాల్వులు పడతాయి, గాలి ధారాళంగా వస్తుంది. కానీ ఒక చిక్కుంది. మధ్యలో ఒకే స్పార్క్ ప్లగ్గు పెడితే, నిప్పు ఆ వెడల్పంతా పాకేలోపు అంచున మిగిలిన ఇంధనం దానంతటదే భగ్గుమని ఇంజను టకటకలాడే ప్రమాదం ఉంది. అందుకని సిలిండరుకు రెండేసి ప్లగ్గులు పెట్టారు, మొత్తం పదహారు. రెండు వైపుల నుంచి అంటుకున్న మంట మధ్యలో కలుసుకుంటుంది. కాలేది త్వరగా, సమంగా. అందుకే ఇంత పెద్ద ఇంజను బంకులో దొరికే అన్నిటికన్నా చవకైన 87 ఆక్టేన్ పెట్రోలుతో ఫిర్యాదు లేకుండా నడుస్తుంది.

ఇంధనం నేరుగా సిలిండరులోకి కాకుండా, వాల్వు వెనక దారిలోకి పిచికారీ అవుతుంది. ఇది పాత పద్ధతి. కొత్త ఇంజన్లలో చాలావాటికి నేరు పిచికారీయే. దానివల్ల పొదుపు ఉంది, నిజమే. కానీ ఆ పద్ధతిలో లోపలికొచ్చే గాలి వాల్వుల వీపు మీద మసి గట్టిపడుతుంది, దాన్ని కడిగే పెట్రోలు అక్కడికి రాదు. ఇక్కడ పెట్రోలు వాల్వును తడుపుతూ, కడుగుతూ లోపలికి పోతుంది. పదేళ్లయినా ఆ వాల్వుల వెనక శుభ్రంగా ఉంటుంది. క్యామ్‌షాఫ్టును తిప్పేది బెల్టు కాదు, గొలుసు.

నన్ను ఇంకా ఎక్కువ కట్టిపడేసింది మరొకటి. ఇదే ఇంజనును 2010లో ఎఫ్-150 రాప్టర్ అనే ఎడారి పరుగుల బండిలోనూ పెట్టారు. అందులో అది 411 హార్స్‌పవర్, 434 పౌండ్-అడుగులు ఇచ్చేది. 2011లో బరువులు లాగే సూపర్ డ్యూటీకి వచ్చేసరికి 385కూ 405కూ దించారు. సరదాగా తోలే బండికి ఎక్కువ, రోజంతా పనిచేసే బండికి తక్కువ. ప్రకటనల్లో పెద్ద అంకె వేసుకునే అవకాశం చేతిలో ఉండి కూడా, ఎండలో ఎత్తుదారి మీద గంటల తరబడి బరువు లాగాల్సిన యంత్రానికి ఊపిరి మిగల్చాలని ఆగిన ఇంజనీర్ల మీద నాకు గౌరవం కలిగింది.

గేర్‌బాక్సు సంగతి ఇంకా బాగుంటుంది. 2011 నుంచి 2016 దాకా ఎఫ్-250లో పెట్రోలు బండికి వేసిన ఆరు గేర్ల ఆటోమేటిక్, డీజిలు బండికి వేసిన 6ఆర్140 కుటుంబానిదే. 860 పౌండ్-అడుగులు భరించేలా పోత పోసిన పెట్టె, ఇక్కడ 405 మాత్రమే మోస్తోంది. 2017లో పెట్రోలు ఎఫ్-250కి దానికన్నా చిన్న గేర్‌బాక్సు వచ్చింది. అదీ మంచిదే. అయినా ఒకే ధరకు 2016 బండీ 2017 బండీ దొరికితే నా చెయ్యి 2016 వైపే వెళ్తుంది.

ముందు వైపుకు పాక్కుంటూ వెళ్లాను. ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందే బండి కాబట్టి ముందు కూడా ఒకే దూలంలా అడ్డంగా పడుకున్న ఇరుసు, పైన కాయిల్ స్ప్రింగులు. చక్రాల మధ్యలో చేత్తో తిప్పే గుండ్రటి మూత ఉంటుంది. క్యాబిన్‌లో మీట తిప్పితే వాక్యూమ్ గొట్టాల ద్వారా చక్రం ఇరుసుతో కలిసే ఏర్పాటు ఉంది. ఆ రబ్బరు గొట్టం ఎక్కడో చిట్లిందనుకోండి, బురదలో చిక్కుకున్నారనుకోండి, దిగి ఆ మూతను చేత్తో తిప్పితే చాలు, చక్రం పట్టుకుంటుంది. యంత్రం చెయ్యగలిగిన పనికి కూడా మనిషి చేతికి ఒక దారి ఉంచారు. డ్యాష్‌బోర్డు మీద కంపెనీ ఏ పనీ అప్పగించకుండా వదిలిన నాలుగు స్విచ్చులు కూడా అలాంటివే. దీపమో, పంపో ఏది తగిలించుకుంటారో మీ ఇష్టం, తీగ అక్కడిదాకా వచ్చి ఉంది. పెద్దాయన ఒకదానికి గడ్డి చుట్టలు దించేటప్పుడు వెనక వెలగడానికి దీపం పెట్టుకున్నాడు.

ఇదంతా తయారుచేసినవాళ్ల పనితనం. వాడినవాళ్ల పనితనం వేరే చూడాలి. బయల్దేరే ముందురోజు మా బాబాయికి ఫోను చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల కింద పడుకున్న మనిషి. "ఒరేయ్, ఇంజను వేడిగా ఉన్న బండిని బేరమాడకు. వెళ్లగానే బానెట్టెత్తి చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే రేపొస్తానని చెప్పి వచ్చెయ్" అన్నాడు. ఎందుకంటే చల్లని ఇంజను అబద్ధమాడదు. ఈ తరగతి పెట్రోలు ఇంజన్లలో, కంపెనీ ఏదైనా, పొగగొట్టపు మానిఫోల్డును పట్టి ఉంచే బోల్టులు వేడికి సాగి, చల్లబడి కుంచించుకుని, చివరికి విరగడం మామూలు. విరిగిన చోట పొగ చీలి టిక్ టిక్ మంటుంది. లోహం వేడెక్కి వ్యాకోచిస్తే సందు మూసుకుని శబ్దం ఆగిపోతుంది. ముందే వేడి చేసి ఉంచిన బండిలో అది వినపడదు. నేను వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉంది. తాళం తిప్పాక అయిదు నిమిషాలు చెవి పెట్టి విన్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత మీటరులో గంటల లెక్క చూశాను. మైళ్లు అందరూ చూస్తారు, గంటలు కొందరే చూస్తారు. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో, అందులో నిలబడి ఎన్ని గంటలు నడిచిందో ఈ బండి చూపిస్తుంది. ఇందులో 3,200 గంటలు, నిలబడి 600. మైళ్లను గంటలతో భాగిస్తే గంటకు 35. అంటే పొలానికీ ఊరికీ మధ్య తిరిగిన బండి. అదే మైళ్లకు 7,000 గంటలుంటే సగటు 16కు పడిపోతుంది. ఏ నిర్మాణ సంస్థలోనో ఏసీ కోసం రోజంతా నిలబెట్టి నడిపారని అర్థం. నిలబడి నడిచిన ఒక్కో గంటను మెకానిక్కులు 25 నుంచి 33 మైళ్ల అరుగుదలగా లెక్కేస్తారు.

తుప్పు చూడటం టెక్సాస్‌లో త్వరగా అయిపోతుంది. మిషిగన్, ఒహాయో వైపు మంచుకు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ పదేళ్లు తిరిగిన బండి ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూడాల్సిందే. 2017 నుంచి బాడీ అల్యూమినియంది కాబట్టి పైకి మెరుస్తూనే ఉంటుంది, కింద ఛాసిస్ మాత్రం ఉక్కుదే. బండి ఏయే రాష్ట్రాల్లో రిజిస్టరైందో చరిత్ర కాగితంలో చూసుకోండి. టైరు పక్కన అచ్చైన నాలుగంకెలు చూడండి, అవి తయారైన వారం, సంవత్సరం. ఎంత అరగకపోయినా ఏడెనిమిదేళ్ల టైరు మీద బరువు లాగకూడదు. ఇక్కడ ముందు టైర్లు రెండూ అలాంటివే. ముందు ఇరుసును పక్కకు జరగకుండా పట్టే కడ్డీ రబ్బరు బుష్ కూడా పగుళ్లు బారింది. అది వదులైతే గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ భయంకరంగా ఊగుతుంది. మార్చడం పెద్ద ఖర్చు కాదు, వాయిదా వేయడమే ప్రమాదం.

తలుపు సందులో అతికించిన కాగితం అందరికన్నా నమ్మకమైన సాక్షి. ఈ బండి మొత్తం బరువు 10,000 పౌండ్లు దాటకూడదని అందులో ఉంది. లాగే బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా కొక్కెం మీద పడుతుంది. ఎనిమిది వేల పౌండ్ల ట్రైలరుకు ఎనిమిది వందల నుంచి పన్నెండు వందలు. బండి సొంత బరువునూ మనుషులనూ సామాన్లనూ దానికి కలిపి, కాగితంలోని అంకెతో సరిచూసుకోవాలి. పెట్రోలు ఇంజను డీజిలుకన్నా తేలిక కాబట్టి, ఆ తేడా అంతా మోసే బరువులో కలిసి వస్తుంది.

తాగుడు మాత్రం ఎక్కువే. మొత్తం బరువు 8,500 పౌండ్లు దాటే బండ్లకు అమెరికాలో మైలేజీ పట్టీ అతికించనవసరం లేదు. అందుకని అడిగి తెలుసుకోవాల్సిందే. ఖాళీగా 12, 13 మైళ్లు, లాగుతుంటే 8, 9 అని పెద్దాయన దాచకుండా చెప్పాడు. ఆఫీసుకు రోజూ నలభై మైళ్లు వెళ్లి రావడానికి ఈ బండి కొనకండి. ఖాళీగా వెళ్తే వెనక కమాన్లు వీపుకు ప్రతి గుంతా చెబుతాయి.

పెద్దాయన డ్యాష్‌బోర్డు అరలోంచి ఒక నోటుబుక్కు తీసి ఇచ్చాడు. ఆయిలు మార్చిన తేదీలు, లక్ష మైళ్ల దగ్గర పదహారు ప్లగ్గులూ మార్చిన రోజు, గేర్‌బాక్సు ఆయిలు రెండుసార్లు మార్చిన మైళ్లు, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఆయనకు అందిన మిగులును ఆయన దాచి ఉంచాడు. బేరం టైర్ల ఖర్చు దగ్గర కాసేపు ఆగి, తెగింది. ముందు టైర్లు రెండూ, ఆ బుష్ మార్పించాను. తర్వాతి శనివారం ట్రాక్టరు దాని వెనకే మా పొలానికి వచ్చింది.