ఇంటికి తాళం, పాటకి తాళం

తాళం అన్న మాటకి మనకి రెండర్థాలున్నాయి. ఒకటి గుమ్మానికి వేసేది, రెండోది పాటకి వేసేది. మొదటిదాని చెవి పోతే ఇల్లంతా వెతుక్కుంటాం. రెండోది తప్పితే పక్కన కూర్చున్నవాళ్ళు మొహం చిట్లిస్తారు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నాకెప్పుడూ తోచలేదు గాని, ఫియోనా యాపిల్ అనే అమెరికన్ గాయని 2020లో విడుదల చేసిన 'ఫెచ్ ద బోల్ట్ కట్టర్స్' అనే ఆల్బమ్ విన్నాక, అవి ఒకే ఇంట్లో కాపురం చెయ్యగలవని నమ్మకం కుదిరింది.

బోల్ట్ కట్టర్ అంటే తాళాలూ, గొలుసులూ తెంచడానికి వాడే పొడుగు పిడుల ఇనప కత్తెర. 'ఆ కత్తెర పట్రండి' అన్నది ఈ ఆల్బమ్ పేరుకి అర్థం. గిలియన్ యాండర్సన్ పోలీసు అధికారిణిగా వేసిన 'ద ఫాల్' అనే టీవీ సీరియల్ ఒకటుంది. అందులో ఒక అమ్మాయిని బంధించి హింసపెట్టిన గదికి తాళం వేసి ఉండడం చూసి ఆ అధికారిణి తన మనుషులతో అనే మాట ఇది. ఫియోనా ఆ మాటని అక్కణ్ణించి ఎత్తుకొచ్చి పదమూడు పాటలకీ కలిపి పేరుగా పెట్టింది.

ఈవిడెవరో రెండు ముక్కల్లో చెబుతాను. 1977లో న్యూయార్కులో పుట్టింది. మొదటి ఆల్బమ్ 'టైడల్' 1996లో వచ్చేనాటికి పద్ధెనిమిదేళ్ళ పిల్ల. అందులోని 'క్రిమినల్' పాటకి గ్రామీ బహుమతి వచ్చింది. పేరూ డబ్బూ వచ్చిపడ్డాయి. రెండో ఆల్బమ్‌కి ఏకంగా తొంభై మాటల పేరు పెట్టింది, అదొక పద్యం! అంత పేరు పలికేలోపు కాఫీ చల్లారిపోతుంది. ఇంతా చేసి, 1996 నుంచి 2020 దాకా ఆవిడ ఇచ్చినవి ఐదంటే ఐదు ఆల్బమ్‌లు. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య ఎనిమిదేళ్ళు గడిచాయి. అందులో చాలా కాలం లాస్ ఏంజెలెస్‌లో, వెనిస్ బీచ్ దగ్గర తన ఇంట్లోనే ఉండిపోయింది. బయటికి రావడం బాగా తగ్గించేసింది.

ఈ పాటలు కూడా ఎక్కువ భాగం ఆ ఇంట్లోనే పుట్టాయి. డ్రమ్స్ వాయించే ఏమీ ఐలీన్ వుడ్, బేస్ గిటారు సెబాస్టియన్ స్టైన్‌బర్గ్, గిటారూ తక్కిన వాద్యాలూ చూసుకునే డేవిడ్ గార్జా, వీళ్ళు ముగ్గురూ ఆవిడతో కలిసి ఇల్లంతా తిరుగుతూ, నేలని కాళ్ళతో దడదడలాడిస్తూ, ఏవో మాటలు వల్లిస్తూ సాధన చేసేవాళ్ళట. వాద్యాలేమిటంటారా? మట్టి నింపిన ఖాళీ నూనె డబ్బాలు, రబ్బరు బ్యాండ్లు చుట్టిన గిన్నెలూ డబ్బాలూ, ఆవిడే స్వయంగా ఓవెన్‌లో కాల్చిన ఎండు కాయలు, గోడలు. అంతేకాదు, చనిపోయిన తన కుక్క జేనెట్ ఎముకలు కూడా. ఇది చదివి మీకు ఒళ్ళు జలదరిస్తే మీ తప్పేం లేదు. నాకూ అలాగే అయింది. కాని ఆ కుక్క అవసాన దశలో ఉన్నప్పుడు, దాన్ని వదిలి రాలేనని 2012లో దక్షిణ అమెరికా కచేరీలు మానుకుని, ఆ సంగతి చేత్తో ఉత్తరం రాసి అభిమానులకి చెప్పిన మనిషి ఈవిడ. అది తెలిశాక ఆ ఎముకల చప్పుడులో నాకు భయం కన్నా బెంగే ఎక్కువ వినిపించింది.

'సామాను చప్పుడు చేస్తే సంగీతమవుతుందా?' అని మీరు అడగచ్చు. మన ఘటం అసలు కుండే కదండీ! జలతరంగం అంటే నీళ్ళు పోసిన గిన్నెలేగా! దంపుళ్ళ పాటలు రోకటి పోటు మీదే నడిచాయి, తిరగలి పాటలు రాతి గరగర మీద నడిచాయి. కాకపోతే మనవాళ్ళకి అక్కడ పని ముందు, పాట తర్వాత. చేతులు నొప్పెట్టకుండా ఉండడానికి పాట కట్టుకున్నారు. ఫియోనా ఇంట్లో డబ్బాకి వేరే పని లేదు, దానికి మోగడమే పని. ఈ తేడా చిన్నది కాదు. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

ఈ ఆల్బమ్ వినాలనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే. మొదటిసారి మాటల జోలికి పోకండి. ఇంగ్లీషు యాస అర్థం కాలేదని దిగులు పడకండి. కింద నేల మీద ఏం జరుగుతోందో వినండి. మొదటి పాటలో పియానో నీళ్ళు జారినట్టు సాగుతుంది. చివరికొచ్చేసరికి ఆవిడ గొంతు పాట వదిలేసి, ఏదో జంతుపిల్ల కూసినట్టు సన్నగా కీచుమంటుంది. అందంగా ముగించగలిగిన పాటని కావాలనే అలా ముగించింది. రెండో పాట 'షమైకా'లో పియానో గుర్రపు పరుగు. మూడోది ఆల్బమ్ పేరున్న పాట. అది సగం పాట, సగం మాట. పక్కనెవరో బల్ల మీద వేళ్ళతో తట్టుకుంటున్నట్టుంటుంది. దాని చివర్లో కుక్కలు మొరుగుతాయి. మీ వీధిలోవి కావు, రికార్డులోవే.

మామూలుగా రికార్డింగంటే ఏమిటి? చీమ చిటుక్కుమనకూడదు. ఎర్ర దీపం వెలిగితే ఊపిరి బిగబట్టాలి. కుర్చీ కిర్రుమంటే మళ్ళీ మొదటికి రావాలి. ఫియోనా వీటన్నిటినీ ఉంచేసింది. ఆఖరి పాట 'ఆన్ ఐ గో'లో మధ్యలో తడబడి, తనని తాను చిన్నగా తిట్టుకుని, మళ్ళీ అందుకుంటుంది. అదీ తీసెయ్యలేదు. ఇది నిర్లక్ష్యం కాదు. ఐదేళ్ళు కూర్చుని చేసిన పనిలో ఒక తప్పు మిగిలిందంటే, దాన్ని మిగల్చాలని నిర్ణయించినట్టే. వచ్చేవాళ్ళ కోసం సర్దిపెట్టిన హాలు కాదిది. మనుషులు మసిలే ఇల్లు.

ఇక మాటల సంగతి. ఇక్కడే ఈ ఆల్బమ్ నన్ను పట్టేసింది. 'అండర్ ద టేబుల్' అనే పాట ఒక విందు భోజనంలో జరుగుతుంది. ఆవిడకి ఇష్టం లేకపోయినా తీసుకెళ్ళారు. బల్ల దగ్గర ఎవరో ఒక తప్పుడు మాటన్నారు. ఈవిడ జవాబు చెప్పబోతుంటే, పక్కనున్నతను బల్ల కింద కాలితో తంతున్నాడు, ఊరుకోమని. ఎంత తన్నినా నేను నోరు మూసుకోనంటుంది ఆవిడ. అంతే పాట. చెప్పొద్దూ, ఈ పాటకి అనువాదం అక్కర్లేదు. మనిళ్ళలో కాలితో తన్నరు, కళ్ళతో సైగ చేస్తారు, లేదా 'లోపల చారు పొంగుతోందేమో చూడు' అంటారు. భాష మారింది గాని సంగతి అదే.

'షమైకా' బడి పాట. అక్కడ తనని ఏడిపించే పిల్లల మధ్య, షమైకా అనే అమ్మాయి ఒకసారి తనలో సత్తా ఉందన్నదని తల్చుకుంటుంది. ఇద్దరూ స్నేహితులు కూడా కాదు. అసలా అమ్మాయి నిజంగా ఉందో, తను ఊహించుకుందో కూడా ఫియోనాకి రూఢిగా తెలియలేదట. తీరా చూస్తే ఆ షమైకా ఉంది, ఆవిడా పాటలు కట్టే మనిషే! 2020లోనే ఇద్దరూ కలిసి ఇంకో పాట పాడారు. చిన్నప్పుడు ఎవరో అనేసి మరిచిపోయిన ఒక్క మంచి మాట, అవతలివాళ్ళకి ఎన్నేళ్ళు ఆసరాగా ఉంటుందో చూడండి.

'లేడీస్' పాట ఆడవాళ్ళని పిలవడంతో మొదలవుతుంది. ఆ ఒక్క పిలుపునే ఒకసారి బతిమాలినట్టు, ఒకసారి సభలో ఉపన్యాసం మొదలెట్టినట్టు, ఒకసారి విసుగ్గా, ఒకసారి నవ్వుతూ అంటుంది. ఒక మగవాడి జీవితంలో తన తర్వాత వచ్చిన స్త్రీతో ఆవిడ మాట్లాడుతోంది. కయ్యానికి కాదు. బీరువాలో ఒక గౌనుంది, పారెయ్యకు, నీకు బావుంటుందని చెబుతోంది! సవతుల కథలు మనకి కొత్త కాదు గాని, తన చోటికి వచ్చినామెకి బీరువా తలుపు తీసి చూపించే పాట నేనింతకు ముందు వినలేదు. ఇలాంటి పాటే 'న్యూస్‌పేపర్' కూడా. తనని బాధపెట్టినవాడు ఇంకొకామెని అలాగే బాధపెడుతుంటే దూరాన్నించి చూస్తూ, ఆమె తనకి దగ్గరిదైపోయిందనుకుంటుంది.

'ఫర్ హర్' మాత్రం పిల్లలు చప్పట్లాట ఆడుకుంటున్నట్టు హుషారుగా మొదలై, ఉన్నట్టుండి అత్యాచారం అన్న మాటని మొహమాటం లేకుండా అనేస్తుంది. 2018లో అమెరికా సుప్రీం కోర్టు న్యాయమూర్తి నియామకం మీద సెనెట్‌లో జరిగిన విచారణ తర్వాత రాసిన పాట అది. పిల్లలున్న ఇంట్లో బిగ్గరగా పెట్టుకునేది కాదు. అయినా వినవలసిన పాట.

అన్నీ ఇంత బాగున్నాయా అంటే, లేవు. 'ర్యాక్ ఆఫ్ హిజ్' నా చెవికి ఆనలేదు. 'డ్రమ్‌సెట్'లో చెప్పిన మాటే చెప్పడం కొంచెం విసుగనిపిస్తుంది. మాటల వరద ఎక్కువైన చోట రాగం ఒక మూలకి ఒదిగిపోతుంది. 2005లో వచ్చిన 'ఎక్స్‌ట్రార్డినరీ మెషీన్'లో ఉన్న తియ్యటి వరసలు ఇక్కడ తక్కువ. పాటయ్యాక పెదాల మీద మిగిలి, కూని రాగం తీసుకోవడానికి పనికొచ్చేవి రెండో మూడో. కూరలు తరుగుతూ వినే సంగీతం కూడా కాదు. యాభై రెండు నిమిషాలు కూర్చుని వినాలి.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. ఐదేళ్ళపాటు ఇంట్లో కూర్చుని డబ్బాలు వాయించుకునే తీరిక ఎంతమందికుంటుంది? మొదటి ఆల్బమ్‌తోనే లక్షల కాపీలు అమ్ముకున్న మనిషికి చెల్లింది. రోకటి పాట కట్టిన మన అమ్మమ్మకి డబ్బా అంటే బియ్యం పోసుకునేది. నిజమే. కాని తీరికున్న ప్రతివాళ్ళూ ఇలాంటి పని చెయ్యరు కదా! ఈవిడ తన తీరికని, బల్ల కింద తన్నులు తినే మనిషి గురించి ఆలోచించడానికి వాడింది. 'హెవీ బెలూన్' పాటలో మనసు కుంగుబాటుని మోస్తూనే స్ట్రాబెర్రీలా పాకుతాననీ, బఠాణీ తీగలా ఎగబాకుతాననీ అంటుంది. కుంగుబాటు ఎరిగినవాళ్ళకి తప్ప తట్టే పోలిక కాదు.

ఇప్పుడు ఆ కత్తెర సంగతి. బయటికే రాని మనిషి 'తాళం తెంచండి' అనడమేమిటని మొదట నాకూ విడ్డూరంగా తోచింది. ఆల్బమ్ 2020 ఏప్రిల్ 17న వచ్చింది. అప్పటికి కరోనా వల్ల ప్రపంచమంతా తలుపులు వేసుకుని కూర్చుంది. కంపెనీవాళ్ళు అక్టోబరు దాకా ఆగుదామంటే, జనం ఇళ్ళల్లో ఉన్న ఇప్పుడే ఇవ్వాలని ఆవిడే పట్టుబట్టింది. అంటే ఆవిడ తెంచమన్నది వీధి తలుపు తాళం కాదన్నమాట. గుమ్మం దాటకుండానే, ఎవరో చెప్పగా మన నోటికి మనమే వేసుకున్నది ఒకటుంటుంది, అదీ ఆవిడ ఉద్దేశం. ఊళ్ళన్నీ తిరిగొచ్చే ఆడవాళ్ళకీ అది ఉండచ్చు. అది తెగినప్పుడు వచ్చే చప్పుడు వీణ మీటినట్టు మెత్తగా ఉండదు, గిన్నె జారిపడ్డట్టే ఉంటుంది. ఆ చప్పుడుని సరిచెయ్యకుండా, దాని లెక్క దానికిచ్చి, పాటకి తాళంగా నిలబెట్టడమే ఈ ఆల్బమ్ గొప్పతనం.

లోకం దీన్ని బాగానే మెచ్చుకుంది. సంగీత విమర్శకి పేరుపడ్డ పిచ్‌ఫోర్క్ పదికి పది మార్కులిచ్చింది. ఒక కొత్త ఆల్బమ్‌కి వాళ్ళు అన్ని మార్కులివ్వడం 2010 తర్వాత అదే మొదలు. 2021లో రెండు గ్రామీలు వచ్చాయి. అందులో ఒకటి 'షమైకా'కి, రాక్ గానానికి ఇచ్చే బహుమతి. ఆ ఏడు ఆ విభాగంలో పోటీకి నిలిచిన ఆరూ స్త్రీలవో, స్త్రీలు ముందుండి పాడే బృందాలవో. పెద్ద కంపెనీల అచ్చులో ఒదగకుండా తమ పద్ధతిన చేసుకునేవాళ్ళ సంగీతాన్ని ఇండీ రాక్ అంటారు. ఫియోనా రికార్డులు వేసేది ఎపిక్ అనే పెద్ద కంపెనీయే అయినా, వరస మాత్రం ఈ బాపతే.

మీరు వినదలుచుకుంటే వరసగా మొదటి పాటనించి మొదలెట్టకండి, బెదిరిపోతారు. 'షమైకా' వినండి, తర్వాత 'లేడీస్' వినండి. అవి నచ్చితే ఓ మధ్యాహ్నం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మిగతావి. 'అండర్ ద టేబుల్' మాత్రం, వీలైతే ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నప్పుడు పెట్టి చూడండి. ఎవరు ముందు తలెత్తి మీ వంక చూస్తారో గమనించండి.