తీరం దాటిన తుపాను – వాతావరణ సూచనలపై ఒక విమర్శ

ఏటా ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చేసరికి కోస్తా జిల్లాల ప్రజల చూపు బంగాళాఖాతం వైపు మళ్లుతుంది. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగే ఈ కాలంలోనే మన తీరానికి పెద్ద తుపానుల భయం. ఆ రోజులలో వాతావరణ సూచనను చదవనివారు గాని, విననివారు గాని అరుదు. అయితే ఒక కథనో, కావ్యాన్నో పరిశీలించినట్లు ఆ సూచనను పరిశీలించేవారు కూడ అంత అరుదే. అందులోని మాటలు ఏమి చెబుతున్నవి, ఏమి చెప్పక విడిచిపెడుతున్నవి అని మనం అడగము. నిజానికి అదికూడ ఒక రచనయే. పైగా, పాఠకుని ప్రాణం తనపై ఆధారపడి ఉండే రచన. కావ్యానికి విమర్శ అవసరమైతే దీనికి మరింత అవసరం.

విమర్శకు ఒక ఉదాహరణ కావలెను గనుక, మనకు బాగుగా జ్ఞాపకమున్న తుపానునే తీసుకొందము. 2014 అక్టోబరు మొదటి వారంలో అండమాను సముద్రంలో ఒక అల్పపీడనం పుట్టినది. అది వాయుగుండమై, తుపానై, హుద్‌హుద్ అనే పేరు పొందినది. అరబ్బీలో హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ. ఆ పేరును సూచించినది ఒమన్ దేశం. అక్టోబరు 12 మధ్యాహ్నం, దీపావళికి ఇంకా పదకొండు రోజులున్నదనగా, అది విశాఖపట్నం వద్ద తీరం దాటినది. అప్పుడు గాలి వేగం గంటకు 170 నుండి 180 కి.మీ. నగరంలో పచ్చని చెట్టు నిలువలేదు. విద్యుత్ స్తంభాలు నేలకొరిగినవి.

ఇంతవరకు వాతావరణ శాఖను మెచ్చుకొనవలసినదే. తుపాను ఎటు వస్తున్నదో, ఇంచుమించు ఎక్కడ తీరం దాటగలదో కొన్ని రోజుల ముందే చెప్పగలిగినారు. లక్షలాది ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించినారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది మరణించగా, 2014 లో మన రాష్ట్రంలో మృతుల సంఖ్య పదులలోనే ఆగినది. రెండు తుపానుల స్వభావం ఒకటి కాదు. దివిసీమను ముంచినది సముద్రపు కెరటం. అయినప్పటికి ఈ 37 సంవత్సరాలలో ముందస్తు సూచన సాధించిన ప్రగతిని ఎవరూ కాదనలేరు.

ఆ సాయంత్రం నుండి ప్రకటనలలో ఒక మాట మొదలైనది: తుపాను బలహీనపడుతున్నది. మరునాటికి అది వాయుగుండమైనది. 14 నాటి సాయంత్రానికి ఉత్తర ప్రదేశ్ మీద అల్పపీడనంగా మిగిలినది. మన పాఠ్యపుస్తకాలలోను తుపాను కథ సాధారణంగా ఇక్కడే ముగుస్తుంది. భూమిని చేరిన తుపానుకు సముద్రపు వెచ్చని నీటినుండి అందే శక్తి ఆగిపోవడం వలన అది క్షీణిస్తుందని చదువుతాము. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కాని అది పూర్తి నిజం కాదు.

అదే 14 వ తేదీన నేపాలులో ఏమి జరిగినదో చూడండి. అన్నపూర్ణ పర్వతాల ఉత్తర భాగంలో తోరంగ్ లా అనే కనుమ ఉన్నది. దాని ఎత్తు 5416 మీటర్లు. కనుమకు పడమటి దిగువన ఉన్నది ముక్తినాథ క్షేత్రం. సాలగ్రామాలు దొరికే గండకీ నది వలన అది మన యాత్రికులకు కూడ తెలిసిన ప్రదేశమే. వానకాలం వెళ్లిపోయి ఆకాశం నిర్మలమయ్యే అక్టోబరు మాసమే అక్కడ కొండదారులు నడిచేవారికి అనుకూలమైన కాలం. ఆనాడు వందలాది మంది ఆ దారిలో ఉన్నారు. వారి మీద మంచు తుపాను విరుచుకుపడినది. దారి కనుపించలేదు. కొందరు చలికి బిగుసుకుపోయి, కొందరు జారిపడే మంచుచరియల కింద చిక్కి మరణించినారు. ఆ పరిసర పర్వతాలన్నిటిలో కలిపి నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. వారిలో విదేశీయులున్నారు, వారికి దారి చూపుతూ, బరువులు మోస్తూ వచ్చిన నేపాలీలున్నారు, జడలబర్రెల కాపరులున్నారు. విశాఖపట్నంలో చెట్లను కూల్చిన హుద్‌హుద్ మిగుల్చుకున్న నీరే అక్కడ మంచై కురిసినది.

భూగోళ పటంలో చూస్తే విశాఖపట్నం, తోరంగ్ లా దాదాపు ఒకే రేఖాంశం పైన కనుపిస్తాయి. రెంటికి నడుమ సుమారు 1200 కి.మీ. దూరం. రెండు రోజులలో తుపాను శేషం ఆ మేర ప్రయాణం చేసినది. దానిని ఉత్తరానికి లాగినదేమిటి? ఋతుపవనాలు వెనుదిరిగిన తరువాత, పై వాతావరణంలో వేగంగా వీచే పడమటి గాలులు హిమాలయాలకు దక్షిణంగా దిగివస్తాయి. ఆ గాలుల ప్రవాహంలో అప్పుడప్పుడు అల వంటి వంపు, అనగా ద్రోణి, ఏర్పడుతుంది. ద్రోణికి తూర్పు వైపున గాలులు నైరుతి నుండి ఈశాన్యానికి వీస్తాయి. గాలి పైకి లేస్తుంది. హుద్‌హుద్ శేషం సరిగా అటువంటి ద్రోణి ముందుకు వచ్చినది. బంగాళాఖాతం నుండి తెచ్చిన తేమ పర్వతపు గోడను ఎక్కవలసి వచ్చినది.

తక్కినది విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చును. సముద్రమట్టం వద్ద ఉష్ణోగ్రత 26 డిగ్రీల సెల్సియస్ అనుకొందము. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. కనుక నాలుగు కిలోమీటర్ల ఎత్తులోనే అది సున్నాకు దిగుతుంది. 5416 మీటర్ల వద్ద సుమారు 35 డిగ్రీలు తగ్గి, సున్నాకు దిగువన 9 డిగ్రీలవుతుంది. అక్కడ కురిసేది వాన కాదు, మంచు.

ఇప్పుడు సూచనల భాషకు వద్దాము. నాకు కనుపించే లోపాలు మూడు.

మొదటిది, ‘బలహీనపడినది’ అనే మాట. మన దేశంలో ఈ గాలివానలకు వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అని పేర్లు పెట్టేది గాలి వేగాన్ని బట్టియే. వేగం గంటకు 62 కి.మీ. చేరితే తుపాను, అంతకు తగ్గితే వాయుగుండం. ఈ కొలబద్దలో నీటికి చోటు లేదు. గాలి తగ్గిన మాట నిజమే; ఆ గాలి మోసుకుపోతున్న తేమ మాత్రం అట్లే తగ్గదు. ‘బలహీనపడినది’ అని విన్న సామాన్యుడు ‘ప్రమాదం తప్పినది’ అని అర్థం చేసుకొంటాడు. ఆ తప్పు అతనిది కాదు. ‘గాలి తగ్గినది, నీరు మిగిలే ఉన్నది’ అని చెప్పడానికి ఎంత స్థలం పడుతుంది?

రెండవది, కొలతలు దాచిన మాటలు. సూచనలలో ‘ఒకటి రెండు చోట్ల’ అని వింటాము. శాస్త్రజ్ఞుని పరిభాషలో దానికి ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రాలలో నాలుగవ వంతు వరకు అని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం వరకు. ఇది వినేవారిలో ఎందరికి తెలియును? అట్లే ‘భారీ వర్షం’ అనే మాటకు కనీసపు కొలత 24 గంటలలో 64.5 మి.మీ. మైదానంలో అంత వాన కురిస్తే వీధులలో నీరు నిలుస్తుంది, మరునాటికి పోతుంది. అదే నీరు కొండమీద మంచుగా దిగితే? ఒక సెంటీమీటరు నీరు సుమారు పది సెంటీమీటర్ల మంచుకు సమానం. అనగా 65 సెంటీమీటర్లు. మోకాలు దాటిన మందం. గాలి దానిని కుప్పలుగా పోస్తే మనిషి మునిగిపోతాడు. ఒకే మాట పల్లపు నేలలో ఒక అర్థం, కొండమీద మరొక అర్థం ఇస్తున్నది. కొండ ప్రాంతాలలో ‘వాన లేక మంచు’ అని ఊరక చెప్పితే చాలదు. ఏ ఎత్తుకు పైన మంచు కురుస్తుందో చెప్పవలెను. ఎత్తు చెప్పని పర్వత సూచన, ఊరు చెప్పని చిరునామా వంటిది.

మూడవది, అన్నిటికంటె పెద్దది, ఎల్లలు గీసిన చూపు. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులను గురించి ఇరుగుపొరుగు దేశాలకు సలహాలిచ్చే బాధ్యత ఢిల్లీలోని కేంద్రానిది. దానితో కలిసి పనిచేసే దేశాలు 2014 లో ఎనిమిది, తరువాత పదమూడైనవి. అన్నియు సముద్రతీరం కలిగినవే. నేపాలు అందులో లేదు, ఎందుకనగా దానికి తీరం లేదు. తుపానును సముద్రపు ప్రమాదంగానే ఎంచినంత కాలం ఈ ఏర్పాటు సహజమే. కాని పర్వతాలకు తుపాను బాధ కొత్త కాదు. 1995 నవంబరులో దక్షిణ ఒడిశా తీరం దాటిన తుపాను తరువాత కూడ నేపాలులో విపరీతంగా మంచు కురిసి, ఎవరెస్టు సమీపంలోని గోక్యో లోయలో మంచుచరియల కింద పడి జపాను యాత్రికులు, నేపాలీలు మరణించినారు. ఒకే పాఠం 19 సంవత్సరాల తరువాత మరల నేర్చుకొనవలసి వచ్చినది. 2014 లో హుద్‌హుద్ శేషం ఉత్తరానికి పోతున్నదన్నది శాస్త్రజ్ఞులకు తెలియని రహస్యం కాదు. తెలిసిన సంగతి తోరంగ్ లా దారిలో నడుస్తున్న మనిషికి చేరలేదు. అది శాస్త్రపు ఓటమి కాదు. చెప్పడంలో, చేర్చడంలో వచ్చిన ఓటమి.

దీనికి ఒక సమాధానం ఉన్నది. దానిని విననిదే విమర్శ న్యాయం కాదు. ఫలానా కనుమలో ఫలానా గంటకు ఇంత మంచు అని రెండు రోజుల ముందు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పర్వతాలలో ఒక లోయకు, పక్క లోయకు పోలిక ఉండదు. పరిశీలనా కేంద్రాలు తక్కువ. అనుమానమున్న ప్రతిసారి హెచ్చరిస్తూ పోతే ‘నాన్నా పులి’ కథ అవుతుంది. నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ కదలరు. ఈ మాటలలో సత్యమున్నది. కాని అనిశ్చితికి మందు మౌనం కాదు. అనిశ్చితిని కూడ కొలిచి చెప్పడమే. ‘కురియవచ్చును’ అనడానికి బదులు ‘పదింట ఏడు పాళ్లు అవకాశమున్నది’ అనవచ్చును. ఇటీవలి సంవత్సరాలలో మన శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలిస్తూ, గాలివాన వలన ఏమి నష్టం రాగలదో, ఏమి చేయవలెనో కూడ చెప్పుతున్నది. ఇది సరియైన మార్గం.

నా ఊహలో, హుద్‌హుద్ తీరం దాటిన సాయంత్రం ఒక మంచి సూచన ఇట్లుండవలసినది: ‘తుపాను గాలి తగ్గుతున్నది. కాని దాని తేమ ఉత్తరానికి పోతున్నది. రెండు రోజులలో మధ్య హిమాలయాలను చేరవచ్చును. నాలుగువేల మీటర్లకు పైన మోకాలి లోతు మించి మంచు కురిసే అవకాశం ఎక్కువ. ఎత్తైన కనుమలు దాటదలచినవారు గ్రామాలలోనే ఆగవలెను.’ ఇందులో కఠినమైన పదం ఒక్కటి లేదు. ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఎత్తున, ఏమి చేయవలెను అనే అయిదు ప్రశ్నలకు జవాబున్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తుపాను పాఠం చెప్పేటప్పుడు పటం మీద వేలును తీరం వద్ద ఆపివేయకండి. ఉత్తరానికి, హిమాలయాల వరకు పోనివ్వండి. వచ్చే కార్తీకంలో తుపాను వచ్చినప్పుడు రోజూ పత్రికలోని సూచనను విద్యార్థులచేత కత్తిరింపించి గోడకు అంటింపించండి. తీరం దాటిన తరువాత కూడ నాలుగు రోజులు ఆ పని మానవద్దు. పై అయిదు ప్రశ్నలలో ఏ సూచన ఎన్నింటికి జవాబు చెప్పినదో వారినే మార్కులు వేయనివ్వండి. ఆ పిల్లలలో ఒకరు రేపు ఆ సూచనను వ్రాసే ఉద్యోగంలో ఉండవచ్చును. మరొకరు ముక్తినాథ యాత్రలో ఉండవచ్చును.