చింతబొగ్గు గీత

శ్రీకాళహస్తి కలంకారీలో అన్నిటికంటే ముందు పడే గీత చింతబొగ్గుది. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన నూలుగుడ్డ మీద, కాల్చిన చింతపుల్లతో రాముడి భుజం గీస్తారు. నప్పకపోతే దులిపేసి మళ్లీ గీస్తారు. వెదురు కలం చేతికొచ్చాక ఆ వీలు లేదు. ఇనుప తుప్పును బెల్లంనీళ్లలో ఊరబెట్టి చేసిన నలుపు, కరక్కాయ తగిలిన చోటల్లా దారంలోకి ఇంకిపోతుంది. ఆలోచనంతా బొగ్గు దగ్గరే పూర్తి కావాలి. ఆ తర్వాత ఉతుకుల్లో బొగ్గు పోతుంది.

మాదాపూర్ శిల్పారామంలో కలంకారీ గుడ్డల ముందు ఆగినప్పుడల్లా నా మనసు ఆ పోయిన గీత మీదకే వెళ్తుంది. పక్కనే సైబర్ టవర్స్. అక్కడ రాసే ప్రోగ్రాములో ఏ వరుస ఎప్పుడు మారిందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. గుళ్లో దేవుడి వెనక కట్టే రామాయణం తెరకు అలాంటి జాడ ఒక్కటీ మిగలదు.

ఇటలీలో గీసిన తెరలకు ఆ జాడ మిగిలింది. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ గోడలకు వేలాడదీసే తెరల కోసం 1515-16లో చిత్రకారుడు రాఫెల్, పోప్ పదవ లియో కోరిక మీద, క్రైస్తవ అపొస్తలులు పీటర్, పౌలుల కథలను కాగితాల మీద నిలువెత్తున గీసి రంగులు వేశాడు. వాటిని బ్రస్సెల్స్ పంపారు. నేతగాళ్లు బట్ట వెనకవైపు నుంచి నేస్తారు కాబట్టి కాగితాల మీది బొమ్మలన్నీ కుడిఎడమలు తారుమారుగా ఉంటాయి. మగ్గానికి అనువుగా ఆ కాగితాలను నిలువు పట్టీలుగా కోశారు కూడా. అయినా ఏడు బొమ్మలు బతికాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గీసిన చెయ్యి ఒకటి, నేసిన చెయ్యి ఒకటి కాబట్టే మధ్యలో ఒక కాగితం అవసరమైంది, అదే నిలిచింది. కాళహస్తిలో బొగ్గూ కలమూ ఒకే గుడ్డ మీద నడుస్తాయి. విడిగా దాచడానికి ఏమీ ఉండదు.

పూర్తయిన తెరలో నిబ్బరమే కనిపిస్తుంది. హనుమంతుడి తోక ఎటు తిప్పాలి, కింద తెలుగు అక్షరాల వరుసకు ఎంత జాగా వదలాలి అన్న తర్జనభర్జన కనిపించదు. నేర్చుకునే పిల్లలకు కావలసింది ఆ తర్జనభర్జనే. శిల్పారామం గ్రామీణ మ్యూజియంలో బొగ్గు దశలోనే ఆపిన తెరను ఒక్కటైనా అద్దం బిగించి పెట్టాలి. బొగ్గు చేయి తగిలితే చెరిగిపోతుంది. దాని పక్కన అదే ఘట్టాన్ని కలం ముగించిన తెర ఉండాలి. గుడ్డకూ, కళాకారుడి రోజులకూ పూర్తి ధర చెల్లించి మరీ ఆపించాలి.