చెవిలో ఇమిడే పనితనం

ఇయర్‌ఫోను మంచిదో కాదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష వీణ ఒక్కటే. డప్పులు దద్దరిల్లే సినిమా పాట పెడితే ఏ నాసిరకం సరుకైనా కాసేపు మనల్ని మభ్యపెట్టగలదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణావాదనం పెట్టి చూడండి. మీటిన స్వరం నిలవాలి. తీగె పక్కకు లాగినకొద్దీ పైస్వరానికి పాకాలి. అక్కడ ఊగి, వెనక్కి జారి, మెల్లగా అణగాలి. ఈ ప్రయాణంలో ఎక్కడా నాదం తెగకూడదు. తెగలేదంటే ఆ ఇయర్‌ఫోను చేసినవాడు పనిమంతుడని నేను ఒప్పుకుంటాను. తెగితే దాని ధర ఎన్ని వేలైనా నాకు అక్కర్లేదు.

ఈ పరీక్ష మా తిరువూరు వాళ్ళకు సహజంగా అబ్బాలి. విస్సన్నపేట మీదుగా బస్సెక్కితే నూజివీడు. లోకానికి నూజివీడంటే మామిడి, సంగీతం తెలిసినవాళ్ళకు వీణ. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలో, నూజివీడు ఏలూరు జిల్లాలో పడ్డాయి గానీ చెవికి జిల్లాలేమిటి? జమీందార్ల ఆదరణతో అక్కడ వీణల పని వేళ్ళూనుకుందని పెద్దలంటారు. నూజివీడు వీణే మేలంటే బొబ్బిలి వాళ్ళు ఒప్పుకోరు, తంజావూరు వీణ మీద మోజున్నవాళ్ళు అసలే ఒప్పుకోరు. అయినా నాకు నూజివీడు నాదమే నాదం.

వీణ చేయడమంటే పనసకర్రను తొలచడం, కుండా దండీ కుదర్చడం, మైనం మీద 24 మెట్లు అమర్చడం అని అందరూ చెబుతారు. అవన్నీ పెద్ద పనులే. కానీ అసలు ప్రాణం తీగెలు ఆనుకునే గుర్రం మీద పరిచిన లోహపు రేకులో ఉంటుంది. పైకి అది చదునుగా కనిపిస్తుంది. నిజానికి అతి స్వల్పంగా వంగి ఉంటుంది. ఆ వంపును ఆకురాయితో అరగదీస్తూ, తీగె మీటి వింటూ, మళ్ళీ అరగదీస్తూ పనివాడు ఒకచోట ఆగుతాడు. ఎక్కడ ఆగాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు, అతని చెవే కొలబద్ద. కదిలే తీగె ఆ వంపును తాకీ తాకనట్టు ఒరుసుకోవడం వల్లే పుట్టేది జీవాళి. అది లేని వీణకు శ్రుతి ఉన్నా జీవం ఉండదు.

1921లో సి.వి. రామన్ మన తంత్రీవాద్యాల మీద ఒక పత్రం రాశారు. తీగెను ఎక్కడ మీటితే అక్కడ కదలిక లేని ఉపస్వరాలు పుట్టకూడదన్నది అప్పటిదాకా పాశ్చాత్య శాస్త్రం నమ్మిన సూత్రం. వీణలోనూ తంబురాలోనూ అవి కూడా నిక్షేపంగా మోగుతున్నాయని ఆయన గమనించారు. కారణం ఆ వంపు గుర్రమే. విశాఖపట్నంలో పెరిగిన రామన్, వీణ వాయించే లోకసుందరి గారిని పెళ్ళాడిన రామన్, నోబెల్‌కు చాలా ముందే మన వడ్రంగి ఆకురాయి పనికి శాస్త్రంలో చోటు కల్పించారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మంచి ఇన్-ఇయర్, అంటే చెవి రంధ్రంలోకి దూర్చుకునే ఇయర్‌ఫోను, దగ్గరికి వద్దాం. దీన్ని ఎలక్ట్రానిక్ సామాను అనుకుంటాం గానీ, నా దృష్టిలో ఇదీ వాద్యమే. పనసకర్ర బదులు లోహమో రెసినో. కుండ బదులు కందిగింజంత ఖాళీ. వంపు గుర్రం దగ్గర పనివాడు పడే తిప్పలే ఇక్కడా.

మన చెవి రంధ్రం పొడవు దాదాపు 25 మిల్లీమీటర్లు. ఒక పక్క తెరుచుకుని, రెండో పక్క కర్ణభేరితో మూసుకుపోయిన గొట్టం అది. అందుకే సుమారు 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో అది తనంతట తాను మోగి, ఆ ధ్వనులను పెంచి లోపలికి పంపుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ గొంతైనా గుడిగంటైనా మనం ఆ పెంపుతోనే వింటున్నాం. ఇన్-ఇయర్ పెట్టగానే రంధ్రం మూసుకుంటుంది, ఆ సహజమైన పెంపు పోతుంది. పోయినదాన్ని తయారుచేసేవాడు శబ్దం పుట్టించే డ్రైవర్‌తో, చిన్న గొట్టంతో, సన్నని జాలీతో తిరిగి కల్పించాలి. కాస్త తగ్గిస్తే గాత్రం మందగిస్తుంది, వీణ మూగబోతుంది. కాస్త హెచ్చిస్తే పాడేవాళ్ళు అరుస్తున్నట్టుంటుంది. అందరి చెవులూ ఒక్కలా ఉండవు కాబట్టి ఎవరికి ఎంత సరిపోతుందో అంచనా వేయడంలోనే సగం విద్య ఉంది.

బేస్ సంగతి ఇంకా సున్నితం. రబ్బరు టిప్ చెవికి సరిగ్గా కుదరక సన్నని సందు మిగిలితే చాలు, కింది స్వరాలన్నీ బయటికి పోతాయి. వేలు పోసి కొన్నవాళ్ళు కూడా డబ్బాలో ఇచ్చే మిగతా సైజులు తీసి చూడరు. వీణ పైస్వరాల సారణి తీగె బాగానే వినిపిస్తూ, కింది స్వరాల అనుమంద్రం తీగె బోలుగా ఉందంటే ముందు టిప్ మార్చండి. ఆ తర్వాతే ఇయర్‌ఫోన్ని తిట్టండి.

లోపల మోగే డ్రైవర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి డైనమిక్: పలుచని పొరకు తీగచుట్ట అంటించి, అయస్కాంతం ముందు కదిలిస్తారు. పెద్ద స్పీకరులో జరిగేదే ఇక్కడ చిన్నగా జరుగుతుంది. రెండోది బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్: అయస్కాంతాల మధ్య చిన్న లోహపు నాలుక కంపిస్తుంది, ఆ కంపనాన్ని వెంట్రుకంత పుల్ల ఒకటి పొరకు అందిస్తుంది. ఇంత చిన్న రూపంలో ఇది వినికిడి యంత్రాల కోసం తయారైంది. సంగీతం కోసం దీన్ని సంస్కరించిన ఘనుల్లో మొదట చెప్పుకోవలసినవాడు మీడ్ కిలియన్. ఆర్మేచర్లకు పేరుపడ్డ నోల్స్ సంస్థలో పనిచేసి, 1983లో ఎటిమోటిక్ రీసెర్చ్ స్థాపించి, 1991లో ఈఆర్-4 తెచ్చాడు. చెవిలోకి లోతుగా దిగే మూడంచెల టిప్పు, ఒకే ఒక్క ఆర్మేచరు. అంతే. ఆ రోజుల్లో వాక్‌మన్ స్పాంజి హెడ్‌ఫోన్లతో సరిపెట్టుకుంటున్న లోకానికి అది కొత్త చెవులు ఇచ్చింది. పావు శతాబ్దం తర్వాత కూడా దాని వారసులను అదే ఆకారంలో చేశారంటే ఆ మొదటి రూపం ఎంత పక్కాగా ఉందో ఊహించుకోండి.

రెండోవాడు జెర్రీ హార్వే. 1995లో వాన్ హేలెన్ అనే రాక్ బృందానికి వేదిక మీద మానిటర్ శబ్దం, అంటే వాయించేవాళ్ళకు వినిపించే శబ్దం, చూసుకునేవాడు. డ్రమ్స్ వాయించే అలెక్స్ వాన్ హేలెన్‌కు అప్పటి ఇన్-ఇయర్లేవీ నచ్చకపోతే, కింది స్వరాలకు ఒక డ్రైవరు, పైస్వరాలకు ఒక డ్రైవరు పెట్టి తానే ఒక జత చేసిచ్చాడు. అదే యాత్రలో ముందు వాయించే స్కిడ్ రో బృందం వాళ్ళు కూడా చూసి అడిగి చేయించుకున్నారని చెప్పుకుంటారు. అల్టిమేట్ ఇయర్స్ సంస్థ అలా పుట్టింది. ఇవాళ మన టీవీ సంగీత పోటీల్లో, పెద్ద కచేరీల్లో గాయకుల చెవుల్లో కనిపించేవాటిలో చాలావరకు ఆ దారిలో వచ్చినవే.

నాకు అందరికన్నా ముచ్చటగొలిపేది టోక్యో నుంచి వచ్చే ఫిట్‌ఇయర్. దాన్ని నడిపే కెయిటా సుయామా పళ్ళ సెట్లు చేసే దంత సాంకేతికుడు. నోటిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మనిషి నమలలేడు. ఆ నిశితత్వాన్ని ఆయన చెవికి మళ్ళించాడు. చెవికి అచ్చు తీసి చేసే కస్టమ్ ఇన్-ఇయర్లలో పని ఇలా సాగుతుంది: ముందు చెవి లోపల చిన్న స్పాంజి అడ్డుపెట్టి, మెత్తని సిలికాన్ పోసి అచ్చు తీస్తారు. నోరు తెరిచి ఉంచమంటారు, ఎందుకంటే దవడ కదిలితే రంధ్రం ఆకారమే మారిపోతుంది. తర్వాత ఆ అచ్చును బట్టి తొడుగు తయారుచేసి, లోపల డ్రైవర్లు, గొట్టాలు అమర్చి, పైన లక్కపూత లాంటి మెరుగు పెడతారు. గొట్టం పొడవు ఒక్క మిల్లీమీటరు మారినా స్వరం మారుతుంది. అందులో పెట్టే డ్యాంపరు, అంటే గాలిని కాస్త నిలువరించే జాలీ, మార్చినా మారుతుంది. ఆ తొడుగును ఎండలోకి ఎత్తి చూస్తే లోపలి గొట్టాలు, అతుకులు అన్నీ కనిపిస్తాయి. చక్కని పని అయితే ఒక్క గాలిబుడగ ఉండదు.

ఇంతకీ నా పక్షం ఏమిటో దాచుకోను. ఒక్క డ్రైవరుతో చేసిన ఇన్-ఇయర్ అంటే నాకు ప్రాణం. 64 ఆడియో వాళ్ళ యూ18టీలో ఒక్కో చెవికి 18 ఆర్మేచర్లు ఉంటాయి. అది మహత్తరమైన పనితనం, దండం పెట్టవలసిందే. కానీ సెన్‌హైజర్ 2021లో తెచ్చిన ఐఈ 900లో ఉన్నది ఒకే ఒక్క 7 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవరు. దాని ఒళ్ళు ఒకే అల్యూమినియం దిమ్మను తొలిచి చేసింది. డ్రైవరు ముందున్న దారిలో మూడు చిన్న గదులు తవ్వారు. అక్కర్లేని మోతను ఆ గదులు తమలోనే ఇంకించుకుంటాయి. అతుకులేని ఒకే దిమ్మ! ఈ మాట వినగానే ఒకే మొద్దును తొలిచి చేసే ఏకాండి వీణ గుర్తుకు రాని తెలుగువాడు ఉంటాడా? ఆ పేరు ఎక్కువగా బొబ్బిలికి దక్కిందని నూజివీడు పక్షపాతిగా ఒప్పుకోక తప్పదు. అతుకు ఉన్నచోట కంపనం కొంత చస్తుందని మన వడ్రంగులు ఎన్నడో గ్రహించిన సంగతి. ఐఈ 900 విడుదలైనప్పుడు ధర సుమారు 1,300 డాలర్లు. మనలో చాలామందికి అది అందదని తెలుసు. కానీ చిట్టిబాబు గారు వీణ మీద కోయిలను కూయించిన రికార్డు అందులో వింటే, కూతకూ కూతకూ మధ్య తీగె మీద వేలు కదిలే చప్పుడు కూడా తెలుస్తుంది. ఆ మనిషి మన పక్కనే కూర్చున్నాడు. అంతకు మించి నేను పొగడలేను.

కట్టుబడి గురించి కూడా ఒక మాట. మా వైపు ఎండాకాలం చెమట ఎలా కారుతుందో చెప్పక్కర్లేదు. మంచి ఇన్-ఇయర్‌కు కేబుల్ ఊడదీసి మార్చుకునే వీలుంటుంది. గులిమి లోపలికి పోకుండా మార్చదగిన జాలీ ఉంటుంది. తీగ ఎక్కువగా నలిగే జాక్ దగ్గర, రెండుగా చీలే చోట గట్టి తొడుగు ఉంటుంది. ఈ మూడూ ఉన్నది ఏళ్ళ తరబడి బతుకుతుంది.

ఇక చెప్పక తప్పని బాధ. ఏ ఊరి బస్టాండు దగ్గరి సెల్ షాపులోనైనా చూడండి. పెద్ద కంపెనీల పేర్లు ఒక అక్షరం అటూ ఇటూ మార్చిన ఇయర్‌ఫోన్లు దండలుగా వేలాడుతుంటాయి. లోహంలా మెరిసే ప్లాస్టిక్, జిగురుతో అంటించిన రెండు చిప్పలు, బేస్ పేరుతో గుయ్యిమనే మోత. వాటిలో గాయని సుశీల గారి గొంతు ముక్కుతో పాడినట్టుంటుంది. వీణ అయితే తగరపు డబ్బా మీద కొట్టినట్టే. పిల్లలు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇవే వింటే సంగీతమంటే ఇంతే అనుకోరా? పైగా టిప్ కుదరదు కాబట్టి బస్సు మోత లోపలికి వస్తుంది, దాన్ని మించాలని వాల్యూమ్ పెంచుతారు. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అంతకుమించి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగానికి సగం తగ్గుతాయి. బయటి మోతను బాగా ఆపే మంచి ఇన్-ఇయర్‌లో చిన్న వాల్యూమే చాలు. నాసిరకం చెవినే తినేస్తుంది.

వైరు లేని బడ్స్ మీద కూడా నాకు కోపమే. 2016లో ఆపిల్ తన ఐఫోనుకు జాక్ తీసేసింది, అదే ఏడాది చివర్లో దాని ఎయిర్‌పాడ్స్ వచ్చాయి. అక్కడి నుంచి పరుగే పరుగు. సౌకర్యం నేను కాదనను. కానీ ఇంతింత బ్యాటరీని లోపల పెట్టి సీలు వేస్తారు, అది నీరసిస్తే మొత్తం చెత్తబుట్టలోకే. వీణకు మైనం కరిగితే మెట్లు మళ్ళీ కూర్చుకోవచ్చు. గుర్రం అరిగితే మళ్ళీ సాన పట్టించుకోవచ్చు. బాగుచేయడానికి వీల్లేకుండా చేసిన వస్తువును మంచి వస్తువని నేను అనలేను.

నాసిరకం చేతిలో మంచి ఇయర్‌ఫోనుకు పట్టిన గతే వీణకూ పట్టింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో భౌగోళిక గుర్తింపు పొందిన వీణలు చేసే కళాకారులు సన్మానాల్లో ఇచ్చే చిట్టి వీణలు చేసి పొట్టపోసుకుంటున్నారు. మంత్రులు అందుకుంటారు, అద్దాల బీరువాలో పెడతారు. వాయించే వీణ అడిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. వినే చెవి తగ్గితే చేసే చెయ్యి ఎలా నిలుస్తుంది? వీణ ఇంటింటా లేదు, నిజమే. కానీ ఫోను ఇంటింటా ఉంది. ఈమని గారు, చిట్టిబాబు గారు ఆ ఫోనులోనే ఉన్నారు. మధ్యలో ఉన్నది చెవిలో పెట్టుకునే ఆ చిన్న వస్తువే. అది చెడ్డదైతే జీవాళి అంటే ఏమిటో పిల్లవాడికి ఎన్నటికీ తెలియదు. తెలియనిదాన్ని కొనడానికి నూజివీడు ఎందుకు వెళతాడు?

లక్ష పెట్టమని నేను ఎవరినీ అడగను. చైనాలోని చెంగ్డూ నుంచి వచ్చే మూన్‌డ్రాప్ లాంటి సంస్థలు లోహపు ఒంటితో, నిజాయితీగా శ్రుతి కుదిర్చిన వైరు ఇన్-ఇయర్లను 20 డాలర్ల ప్రాంతంలోనే చేసి చూపించాయి. ఒక పండక్కి కొనే చొక్కా ఖర్చు. పిల్లలకు అలాంటిదొకటి కొనివ్వండి. టిప్ సైజు మీరే దగ్గర కూర్చుని చూసి పెట్టండి. మొదటి పాటగా వీణ వినిపించండి. విజయవాడ ఘంటసాల సంగీత కళాశాల పెద్దలకు నా మనవి: వీణ నేర్చుకునే పిల్లలకు మంచి ఇయర్‌ఫోన్లతో, మంచి రికార్డులతో వారానికి ఒక్క గంట వినడానికే కేటాయించండి. ఆ పిల్లలను ఏడాదికొకసారి నూజివీడు తీసుకెళ్ళి, గుర్రం మీద రేకు సాన పడుతున్న మనిషి పక్కన కూర్చోబెట్టండి.