విలియమ్సన్ ధ్వనివర్ధకము
ఎఱ్ఱగా వెలుగు వాల్వుల చెంత గూర్చుండి సంగీతము వినువారు కృతజ్ఞతతో తలపదగిన పేరు డి.టి.ఎన్. విలియమ్సన్. 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఆయన ప్రకటించిన ధ్వనివర్ధకము, రెండు కేటీ66 వాల్వులను ట్రయోడులుగా నడపి, వెలువడు సంకేతములో కొంతభాగమును ఆరంభమునకు మరల్చి, దోషమును తానే దిద్దుకొనుచు, 15 వాట్ల బలమునందును వికృతిని 0.1 శాతము దాటనీయలేదు. ఆ దిద్దుబాటు వలయములో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును సైతము చేర్చుట కత్తిమీది సాము. చుట్టలలో తరంగము మితిమీరి వెనుకబడెనా, దిద్దుబాటే దోషమై యంత్రము తనంత తాను కంపించును. అందులకై ప్రైమరీ చుట్టను 10 ఖండములుగా, సెకండరీని 8 ఖండములుగా విభజించి, ఒకదాని నడుమ నొకటిగా పేర్చవలెనని ఆయన విధించెను. ఎంతటి ఓర్పు! ఆ యంత్రముపై వయొలిన్ వినినపుడు, కమాను తీగను తాకు తొలి రాపిడియు, విడిచిన పిదప గాలిలో కరగు నాదశేషమును నాకు వేర్వేరుగా వినవచ్చినవి.